వరద ఇక్కడ, వాన అక్కడ: రాఘవేంద్రుల తర్కశాస్త్రం

‘న్యాయదీప’ రాఘవేంద్రతీర్థులు రాసిన తర్కశాస్త్ర వ్యాఖ్య. వ్యాసతీర్థుల ‘తర్కతాండవం’ అనే గ్రంథానికి అది వివరణ. మనిషికి కలిగే జ్ఞానంలో ఏది నమ్మదగింది, కొన్నిటిని చూసి అన్నిటికీ వర్తించే నియమాన్ని ఏ ధైర్యంతో చెబుతాం, ఒకటి అసంభవమని ఎలా తేలుస్తాం అన్న ప్రశ్నల చుట్టూ ఆ చర్చ నడుస్తుంది. నేటి విశ్వవిద్యాలయాల్లో గణిత తత్త్వశాస్త్రం, విజ్ఞాన తత్త్వశాస్త్రం అనే శాఖలు పట్టించుకునేవీ ఇవే ప్రశ్నలు. మంత్రాలయం స్వామిగా రాఘవేంద్రులు తెలుగు, కన్నడ, తమిళ సీమల్లో ఇంటింటా పూజలందుకుంటారు. ఆయన మహిమల కథలు తెలిసినవాళ్లు కోకొల్లలు. ఆయన నికార్సైన తార్కికుడని తెలిసినవాళ్లు మాత్రం తక్కువే. ఆ రెండో విషయానికి దక్కవలసినంత గౌరవం ఇంకా దక్కలేదు.

రాఘవేంద్రుల పూర్వాశ్రమ నామం వేంకటనాథుడు. కుంభకోణంలో సుధీంద్రతీర్థుల దగ్గర చదువుకుని, 1621లో సన్యాసం స్వీకరించి పీఠమెక్కారు. 1671లో తుంగభద్ర దక్షిణపుటొడ్డున మంత్రాలయంలో బృందావన ప్రవేశం చేశారు. నదికి అవతలి ఒడ్డు రాయచూరు జిల్లా. ఆ ఒడ్డున ఉన్న బిచ్చాలి గ్రామంలో శిష్యుడు అప్పణాచార్యుల ఇంట ఆయన చాలాకాలం గడిపారని సంప్రదాయం చెబుతుంది. అదే తాలూకాలోని గాణధాల పంచముఖి క్షేత్రాన్ని ఆయన తపస్సు చేసిన చోటుగా భక్తులు కొలుస్తారు.

ఆయన విద్యావంశం నేరుగా విజయనగరానికి చేరుతుంది. సుధీంద్రుల గురువు విజయీంద్రులు. విజయీంద్రులకు శాస్త్రం చెప్పినవారు వ్యాసతీర్థులు. బన్నూరులో పుట్టి, ముళబాగిలులో శ్రీపాదరాజుల దగ్గర చదివి, సాళువ నరసింహుని కాలంలో చంద్రగిరిలోనూ తిరుపతిలోనూ ఉండి, చివరికి కృష్ణదేవరాయల హంపీలో గురుస్థానం పొందిన పండితుడాయన. కృష్ణా తుంగభద్రల మధ్య సీమ కోసం 1520లో రాయలు రాయచూరు దగ్గర బీజాపూరు సేనలతో పోరాడినప్పుడు వ్యాసతీర్థులు జీవించే ఉన్నారు. 1539లో ఆయన కాలం చేశారు. ఆనెగొంది దగ్గర తుంగభద్ర మధ్యలోని లంక మీద, నవబృందావనంలో ఆయన సమాధి ఉంది. 1997లో కొప్పళ జిల్లా విడిపోయేదాకా ఆ ప్రాంతమంతా రాయచూరు జిల్లాలోనిదే.

వ్యాసతీర్థుల మూడు ప్రధాన గ్రంథాల్లో ‘న్యాయామృతం’ అద్వైతంతో వాదం. ‘తాత్పర్యచంద్రిక’ బ్రహ్మసూత్రాల విచారం. ‘తర్కతాండవం’ మాత్రం నేరుగా తార్కికుల ఇంటికే వెళ్లి చేసిన వాదం. పద్నాలుగో శతాబ్దంలో మిథిలలో గంగేశుడు ‘తత్త్వచింతామణి’ రాసి నవ్యన్యాయమనే తర్క సంప్రదాయానికి పునాది వేశాడు. దేశంలో ఏ శాస్త్రం మాట్లాడాలన్నా ఆ పరిభాషలోనే మాట్లాడవలసిన పరిస్థితి వచ్చింది. వ్యాసతీర్థులు ఆ పరిభాషను ఆమూలాగ్రం నేర్చుకుని, దానితోనే దాన్ని పరీక్షకు పెట్టారు. ప్రత్యక్షం, శబ్దం, అనుమానం అని మూడు పరిచ్ఛేదాలుగా సాగిన ఆ వాదం సామాన్యంగా కొరుకుడుపడేది కాదు. ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి. రాఘవేంద్రులు చేసింది ఆ పనే. వాళ్లిద్దరూ లెక్కల పుస్తకాలు రాయలేదు, నక్షత్రాల గతి గణించలేదు. లెక్కలకూ పరిశీలనకూ ఆధారమైన హేతువాద పద్ధతినే వాళ్లు విచారించారు.

అనుమానం అంటే తర్కశాస్త్రంలో శంక కాదు. కనబడిన గుర్తును పట్టుకుని కనబడని దాన్ని నిశ్చయించుకోవడం. కొండ మీద పొగ కనబడింది, కనుక అక్కడ నిప్పుంది. ఈ మాట నిలవాలంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పుంటుందన్న నియమం కావాలి. దాని పేరు వ్యాప్తి. దాన్ని తిరగేస్తే నిలవదు. నిప్పుంది కనుక పొగ ఉందనడానికి లేదు, ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది గాని పొగ ఉండదు. పొగ రావాలంటే కట్టె పచ్చిగా ఉండాలి. చూసేవాడి లెక్కలోకి రాకుండా వెనక దాగి ఉన్న ఆ పచ్చికట్టె లాంటి షరతును తార్కికులు ఉపాధి అన్నారు. రెండు విషయాలు ఎప్పుడూ జంటగా కనబడుతున్నాయంటే వాటిలో ఒకటి మరోదానికి కారణం కావచ్చు. లేదా రెండిటి వెనకా మూడోది ఏదో ఉండవచ్చు. మందు పనిచేసిందో లేదో పరీక్షించే వైద్య పరిశోధకులు ఇవాళ మొట్టమొదట వెతికేది ఆ మూడోదాన్నే.

అనుమానానికి తార్కికుల న్యాయ దర్శనం పెట్టిన నిబంధన మరొకటుంది. గుర్తు, అంటే హేతువు, ఎక్కడ సాధ్యాన్ని, అంటే ఆ గుర్తుతో తేల్చవలసినదాన్ని, నిరూపించదలచామో అక్కడే ఉండాలి. పొగ ఆ కొండ మీదే ఉండాలి, అప్పుడే ఆ కొండ మీద నిప్పుందని చెప్పగలం. దీనికి పక్షధర్మత అని పేరు. మధ్వాచార్యుల ద్వైత సంప్రదాయం ఈ నిబంధనను ఒప్పుకోలేదు. పద్నాలుగో శతాబ్దపు జయతీర్థులు ‘ప్రమాణపద్ధతి’లో ఈ విషయాన్ని తేటగా చెప్పారు. హేతువు దానికి తగిన చోట ఉంటే చాలు, సాధ్యం మరోచోట ఉండవచ్చునని ఆ పక్షం. వాళ్ల ఉదాహరణ నది. దిగువన వరద చూసి ఎగువన వాన కురిసిందని నిశ్చయిస్తాం. వరద ఉన్నది ఇక్కడ, వాన ఉన్నది అక్కడ.

రాయచూరు జిల్లాకు ఈ ఉదాహరణ ఏటా కళ్ల ముందు జరిగే సంగతి. ఆ సీమకు వాన తక్కువ. శ్రావణంలో కూడా ఒక్కోసారి వారాల తరబడి చినుకు పడదు, కంది చేలు, పత్తి చేలు ఆకాశం వంక చూస్తుంటాయి. అదే సమయానికి ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర ఎర్రనీళ్లతో ఒడ్లు ఒరుసుకుంటూ పోతుంటాయి. ఆ నీళ్లు అక్కడివి కావు. కృష్ణకు అవి మహాబలేశ్వరం కొండల నుంచి, తుంగకూ భద్రకూ చిక్కమగళూరు దగ్గరి పడమటి కనుమల నుంచి వస్తాయి. ఒడ్డున నిలబడ్డ రైతు నీటి రంగు చూసి, వేగం చూసి, ఎక్కడో కనుమల్లో ముసురు పట్టిందని చెబుతాడు. న్యాయ తార్కికుడు ఈ అనుమానాన్ని తన చట్రంలో ఇమిడ్చుకోవాలంటే, ఈ నది ఎగువన వాన కురిసిన నది అని మాట తిప్పి చెప్పుకోవాలి. ద్వైతికి ఆ తిప్పలు అక్కరలేదు. రైతు ఆలోచన ఏ తీరున సాగిందో ఆ తీరునే శాస్త్రం ఒప్పుకుంటుంది. ఈ ఒక్క విషయంలో ద్వైత తార్కికుల మాటే సహజంగా ఉందనక తప్పదు. కృత్తిక ఉదయించింది, ఇక కాసేపట్లో రోహిణి ఉదయిస్తుందనే అనుమానం కూడా ఇలాంటిదే. అక్కడ దూరం స్థలంలోనే కాదు, కాలంలోనూ ఉంది.

ఇదే వరదను పట్టుకుని ఆక్షేపించినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. ఆ ఆక్షేపణను గౌతముని న్యాయసూత్రాలే ప్రస్తావిస్తాయి. ఎవరో నదికి అడ్డుకట్ట వేసినా నీళ్లు పెరుగుతాయి కదా, అలాంటప్పుడు వరదను చూసి వానను ఎలా నిశ్చయిస్తావు? భాష్యకారుడు వాత్స్యాయనుని జవాబు పరిశీలనకు పాఠంలా ఉంటుంది. నీళ్లు పెరగడం ఒక్కటే గుర్తు కాదు. ప్రవాహం వడిగా ఉండాలి. నురగ ఎక్కువగా ఉండాలి. కాయలు, ఆకులు, కట్టెలు కొట్టుకొస్తుండాలి. ఆ లక్షణాలన్నీ కలిసిన వరదే వానకు గుర్తు. హేతువును పైపైన చూస్తే అది మోసం చేస్తుంది, దాని విశేషాలన్నీ చూస్తే చేయదు అని సారాంశం. తుంగభద్ర మీద హోసపేట దగ్గర 1953లో ఆనకట్ట పూర్తయ్యాక, కృష్ణ మీద ఎగువన నారాయణపుర జలాశయం వచ్చాక, ఆ పాత ఆక్షేపణకు కొత్త బలం వచ్చింది. గేట్లు ఎత్తిన రోజున వరద వస్తుంది. ఆ రోజు కొండల్లో వాన కురిసి ఉండనక్కరలేదు. తర్కశాస్త్రం మాటల్లో చెబితే ఆ వ్యాప్తికి ఒక ఉపాధి వచ్చి చేరింది.

హేతువు ఒకచోట, సాధ్యం ఒకచోట ఉన్న అనుమానాలతోనే ఆధునిక ఖగోళశాస్త్రం పెద్ద విజయాలు సాధించింది. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడం లేదని గమనించి, దాన్ని లాగుతున్న గ్రహం మరొకటి ఉండాలని ఫ్రాన్సులో లెవెరియే గణించాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్‌లో గాలె దుర్భిణి తిప్పి చూస్తే, చెప్పిన చోటికి డిగ్రీ లోపు దూరంలోనే నెప్ట్యూన్ దొరికింది. హేతువు యురేనస్ కక్ష్యలో ఉంది, సాధ్యం ఇంకా అవతల, అంతకుముందు ఎవరూ గ్రహంగా గుర్తించని చోట ఉంది. అదే లెవెరియే 1859లో బుధుని కదలికలోనూ తేడా చూపి, సూర్యుని దాపున మరో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. ఎంత వెతికినా అది దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం ఆ తేడాకు గ్రహం అవసరం లేకుండానే లెక్క చెప్పింది. రెండు అనుమానాల రూపం ఒకటే, చేసినవాడూ ఒక్కడే. మొదటిది నిలిచింది, రెండోది కూలింది. అనుమానం రూపం సరిగ్గా ఉన్నంత మాత్రాన ఉపాధి లేదని నమ్మకూడదని చూపడానికి ఇంతకంటే మంచి జంట దొరకదు.

మరి ఉపాధి లేదని ఎప్పటికి తేలుతుంది? చూసిన పొగలన్నిటి కిందా నిప్పుంది. చూడని పొగల సంగతి ఏమిటి? చార్వాకులు ఈ ప్రశ్నతోనే అనుమాన ప్రమాణాన్ని తోసిపుచ్చారు. యూరప్‌లో 1739లో డేవిడ్ హ్యూమ్ అడిగినదీ దాదాపు ఇదే. న్యాయ తార్కికుడు ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఇచ్చిన జవాబు చాలా ఆచరణాత్మకమైనది. శంకకు హద్దుంది. నిప్పు లేకుండా పొగ రావచ్చునేమో అని శంకించేవాడు కూడా పొగ కావలసి వస్తే నిప్పే రాజేస్తాడు. తన పనే తన శంకను కాదన్నప్పుడు ఆ శంక అక్కడితో ఆగిపోతుంది. శ్రీహర్షుడు ‘ఖండనఖండఖాద్యం’లో ఈ జవాబును ఎగతాళి చేశాడు. తెలుగులో శ్రీనాథుడు శృంగారనైషధంగా మలచిన కావ్యానికి మూలకర్త ఈ శ్రీహర్షుడే. కవిగా తెలుగువాళ్లకు ఆయన ఎంత దగ్గరో, తార్కికుడిగా అంత దూరం. గంగేశుడు తర్వాత ఈ వాదాన్నంతా సరిచూసి, వ్యభిచారం (ఒకటి ఉండి రెండోది లేకపోవడం) కనబడకపోవడం, సహచారం (రెండూ జంటగా ఉండటం) కనబడటం, మిగిలిన శంకను తర్కంతో తొలగించుకోవడం, ఈ మూడూ కలిస్తే వ్యాప్తి తెలుస్తుందన్నాడు.

ద్వైతులు ఇక్కడ మరో మెట్టు కిందికి దిగి ప్రశ్నిస్తారు. ఒక జ్ఞానం సరైనదని మరో పరీక్షతో తేలుస్తాం అంటే, ఆ పరీక్ష సరైనదని దేనితో తేలుస్తాం? పరీక్షల వరుస ఎక్కడో ఆగాలి. అది సాక్షి దగ్గర ఆగుతుందని వాళ్ల సిద్ధాంతం. సాక్షి అంటే జీవుని స్వరూపమే అయిన గ్రహణశక్తి. సుఖదుఃఖాలు, కాలం, దేశం, జ్ఞానపు ప్రామాణ్యం దానికే నేరుగా తెలుస్తాయి. పరీక్ష చేసే పని శంకను తీర్చడమే. ప్రామాణ్యాన్ని అది పుట్టించదు. న్యాయ తార్కికులు దీన్ని ఒప్పుకోరు. జ్ఞానాన్ని నమ్మి చేసిన పని ఫలిస్తేనే ఆ జ్ఞానం సరైనదని తేలుతుందంటారు. ప్రయోగశాలలో రోజువారీ పనికి న్యాయ తార్కికుల మాటే దగ్గరగా ఉంటుంది. అయితే పరికరాన్ని మరో పరికరంతో, దాన్ని ఇంకో దానితో సరిచూసుకుంటూ పోయే శాస్త్రవేత్త చివరికి దేని మీద నిలబడతాడన్న ద్వైతుల ప్రశ్నకు అది జవాబు కాదు. దేశకాలాలు ఇంద్రియాలతో కాక సాక్షితో తెలుస్తాయన్న మాట వింటే 1781 నాటి జర్మన్ తత్త్వవేత్త కాంట్ గుర్తొస్తాడు. పోలికను అక్కడే ఆపాలి. కాంట్‌కు దేశకాలాలు మన గ్రహణ రూపాలు, ద్వైతులకు అవి బయట ఉన్న సత్యాలు.

గణితానికి ఈ వాదం అన్నిటికంటే దగ్గరగా వచ్చేది తర్కం విషయంలో. ఒక మాట నిజమనుకుంటే ఎక్కడికి దారితీస్తుందో చూసి, అది అనిష్టమైన చోటికి చేరితే ఆ మాటను వదులుకోవడమే తర్కం. నిప్పు లేదనుకుంటే పొగా ఉండకూడదు, పొగ ఉంది కనుక నిప్పు లేదనడం చెల్లదు. న్యాయ తార్కికుల లెక్కలో ఇది ప్రమాణానికి తోడు మాత్రమే, తనంతట తాను ప్రమాణం కాదు. ద్వైతులు దాన్ని అనుమానంలోనే ఒక భేదంగా చేర్చారు. ఎదుటి పక్షంలో దోషం చూపే దూషణానుమానంలో తర్కానికి చోటిచ్చారు.

ఈ తేడా పండితుల పట్టింపులా కనిపిస్తుంది, గాని గణితంలోకి వస్తే దాని బరువు తెలుస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’ రాశాడు. అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటం రాయచూరుకు ఉత్తరాన, నేటి కలబురగి జిల్లాలోని మళఖేడ. ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. రుణసంఖ్య స్వభావరీత్యా వర్గం కాదు, కనుక దానికి వర్గమూలం లేదని మహావీరుడు చెప్పాడు. భాస్కరుడు బీజగణితంలో అదే అన్నాడు. రాఘవేంద్రుల బాల్యం నాటికి, 1600 ప్రాంతంలో, భాస్కరుని బీజగణితానికి వ్యాఖ్య రాసిన కృష్ణదైవజ్ఞుడు దానికి ఉపపత్తి, అంటే నిరూపణ, చూపాడు. రుణసంఖ్య వర్గమైతే అది దేని వర్గం? ధనసంఖ్యదా? ధనం వర్గం ధనమే. రుణసంఖ్యదా? రుణాన్ని రుణంతో గుణించినా వచ్చేది ధనమే. వర్గం రుణమయ్యే సంఖ్య మరోటి కనబడదు. కనుక వర్గమూలం లేదు.

ఇది అచ్చమైన తర్కం. భారతీయ గణిత పద్ధతిని విచారించిన ఎం.డి. శ్రీనివాస్ ఒక కీలకమైన సంగతి గమనించారు. మన గణితజ్ఞులు తర్కాన్ని ఒకటి లేదని చూపడానికి వాడారు గాని, మరో దారిలో చూపలేని వస్తువు ఉందని నిరూపించడానికి వాడలేదు. ఉందని చెప్పాలంటే దాన్ని కట్టి చూపాలి, లెక్కించి చేతికివ్వాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డచ్చి గణితజ్ఞుడు బ్రౌవర్ యూరప్ గణితాన్ని నిలదీసింది కూడా ఈ విషయం మీదే. లేదనుకుంటే వైరుధ్యం వస్తోంది కనుక ఉందని ఎలా అంటారని ఆయన అడిగాడు.

కృష్ణదైవజ్ఞుని ఉపపత్తిలో ఇంకో పాఠం ఉంది. అది ధనం, రుణం అనే రెండు వికల్పాలు చూసింది. ఆయనకు కొంచెం ముందే, 1545లో ఇటలీలో కార్డానో, 1572లో బొంబెల్లి రుణసంఖ్యల వర్గమూలాలతో లెక్కలు చేశారు. వాళ్లు వాడినవి ధనమూ కాదు, రుణమూ కాదు. దైవజ్ఞుని తర్కంలో తప్పేమీ లేదు, ఆయన ఎరిగిన సంఖ్యల విషయంలో అది ఇప్పటికీ సత్యమే. సంఖ్యల కుటుంబమే తర్వాత పెద్దదయింది. వికల్పాలన్నీ పూర్తయ్యాయా అన్నది ప్రతి తర్కం వెనకా నిలిచి ఉండే ప్రశ్న.

సంఖ్య అంటే అసలు ఏమిటి? తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో న్యాయ వైశేషికుల మతాన్ని చిన్న వాక్యాల్లో పెట్టాడు. సంఖ్య ఒక గుణం, ద్రవ్యాలన్నిటిలోనూ ఉంటుంది. నిత్యవస్తువులో ఏకత్వం నిత్యం, అనిత్యవస్తువులో అనిత్యం. రెండు మొదలు పై సంఖ్యలన్నీ ఎక్కడైనా అనిత్యాలే, ఎందుకంటే ఇది ఒకటి, అది ఒకటి అని లెక్కించే బుద్ధి వల్ల అవి పుడతాయి. చిక్కేమిటంటే గుణంలో గుణం ఉండదని వాళ్లే అన్నారు. అలాంటప్పుడు గుణాలు ఇరవైనాలుగు అని లెక్క చెప్పడం ఎలా కుదురుతుంది? బెంగాల్ తార్కికుడు రఘునాథ శిరోమణి అందుకే సంఖ్యను గుణాల్లోంచి తీసి వేరే పదార్థంగా నిలబెట్టాడు. ద్విత్వం ఒక్కొక్క పండులో కాక జంటకే చెందేలా చూపడానికి నవ్యులు పర్యాప్తి అనే సంబంధాన్ని వాడారు. 1951లో హార్వర్డ్‌లో డేనియల్ ఇంగాల్స్ నవ్యన్యాయం మీద రాసిన పుస్తకంలో ఈ ఆలోచనను జర్మన్ గణితజ్ఞుడు ఫ్రేగె 1884లో ఇచ్చిన సంఖ్యా నిర్వచనంతో పోల్చాడు. వ్యాసతీర్థుల పక్షం ఈ భవనం కింది రాయినే కదిపింది. గుణాన్ని ద్రవ్యానికి అంటిపెట్టే సమవాయమనే సంబంధాన్ని ద్వైతులు కొట్టివేశారు. రెండిటిని కలపడానికి మూడోది కావాలంటే, ఆ మూడోదాన్ని వాటితో కలపడానికి నాలుగోది కావాలి, అలా అంతు ఉండదని వాదం.

అంతులేనితనం గురించిన వాదం ఇంకొకటుంది. పదార్థాన్ని విభజిస్తూ పోతే ఎక్కడో ఆగాలి, ఆ ఆగిన చోటే పరమాణువు అని వైశేషికులు అంటారు. ఆగకపోతే మేరు పర్వతానికీ ఆవగింజకూ అనంతమైన అవయవాలుంటాయి, అప్పుడు రెండూ సమాన పరిమాణం కావలసి వస్తుంది. అవయవాల్లేని పరమాణువును ద్వైతులు ఒప్పుకోలేదు కనుక ఈ ఆక్షేపణ వాళ్లకు తగిలేదే. దానికి కావలసిన గణితం పంతొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్లలో జర్మనీలో కాంటర్ చేతిలో తయారయింది. చిన్న గీతలోనూ పెద్ద గీతలోనూ బిందువులు ఒకదానికొకటి జతపడతాయి, అయినా వాటి పొడవులు వేరు. ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, ఎంత ఉన్నదన్నది ఇంకో లెక్క. మేరువునూ ఆవగింజనూ సమానం చేసిన వాదం ఆ రెండు లెక్కలనూ కలిపేసింది.

‘తర్కతాండవం’ న్యాయదీప వ్యాఖ్యతో సహా మైసూరు ప్రాచ్య గ్రంథాలయం నుంచి 1932లో మొదలై నాలుగు సంపుటాలుగా అచ్చయింది. ద్వైత గ్రంథాల చరిత్ర రాసిన బి.ఎన్.కె. శర్మ దాని విషయక్రమాన్ని ఇంగ్లీషులో పరిచయం చేశారు. నేటికీ సంస్కృత పాఠశాలల్లో విద్యార్థి మొదట అన్నంభట్టు తర్కసంగ్రహం, తర్వాత విశ్వనాథుని ముక్తావళి చదువుకుని, గంగేశుని పరిభాష పట్టుబడ్డాక గాని వ్యాసతీర్థుల దగ్గరికి రాడు. వచ్చాక పక్కన తెరిచి పెట్టుకునేది రాఘవేంద్రుల వ్యాఖ్యనే.